పలుగురాయి పక్కన ఏ రాయి ఉంది? కోలారు పట్టీ దక్షిణ కొసపై ఒక కేస్ స్టడీ

కోలారు షిస్టు (పలకలుగా విడే రాయి) పట్టీ అనగానే అందరికీ కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనులు, గుర్తుకొస్తుంది. కానీ ఆ పట్టీ కేజీఎఫ్ దగ్గర ఆగిపోదు. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగే ఈ సన్నటి రాతి పట్టీ, దక్షిణాన చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోకి దిగి తమిళనాడు వైపు వెళుతుంది. బిసానత్తం, చిగురుగుంట, మల్లప్పకొండ ఆ దక్షిణ భాగంలోనివే. మూడు చోట్లా బంగారం ఉంది. బంగారాన్ని పట్టి ఉంచిన రాయి మాత్రం మూడు చోట్లా ఒకటి కాదు. బిసానత్తంలో నల్లటి ఆంఫిబొలైట్, మల్లప్పకొండలో చారల ఇనుపరాయి, చిగురుగుంటలో ఎక్కువగా నైస్ (చారలున్న, గ్రానైట్ లాంటి రాయి). ఒకే పట్టీలో, ఇంత దగ్గర దగ్గరగా, ఇన్ని రకాల ఆతిథ్య శిలలు దొరకడం గ్రీన్‌స్టోన్ పట్టీలలో పనిచేసే మాబోటి వాళ్లకు అదృష్టం. రాయి మారితే ఖనిజాలు ఎలా మారతాయో, బంగారం ప్రవర్తన ఎలా మారుతుందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఈ కేసు రాయడం అందుకే.

బంగారం అన్వేషణలో ఉన్నవారి దగ్గరకు ఊళ్లవాళ్లు నమూనాలు తెస్తుంటారు. దాదాపు ప్రతిసారీ అది తెల్లగా మెరిసే పలుగురాయి ముక్కే. బంగారం పలుగురాయిలో ఉంటుందన్న మాట నిజమే, కానీ అది సగం నిజం. మన దక్కను పీఠభూమిలో పలుగురాయి లేని గుట్ట అరుదు. వాటిలో అత్యధికం ఒట్టివి. నేను ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ముక్క ఏ రాతి పక్కన దొరికింది? ఆ జవాబు లేకుండా తెచ్చిన పలుగురాయి చిరునామా లేని ఉత్తరంతో సమానం.

పట్టీ కడుపులో ఏముంది

గ్రీన్‌స్టోన్ పట్టీ అంటే ఆర్కియన్ కాలపు (250 కోట్ల ఏళ్లకు ముందటి) సముద్రగర్భ లావాలు, వాటి మధ్య పేరుకున్న అవక్షేపాలు, ఆ తర్వాత నలిగి, వేడెక్కి, రూపాంతరం చెంది మిగిలిన అవశేషం. తక్కువ వేడికి లోనైన చోట క్లోరైట్, ఆక్టినోలైట్, ఎపిడోట్ అనే పచ్చటి ఖనిజాలు పుట్టి రాయి ఆకుపచ్చగా ఉంటుంది. కోలారులో వేడి ఇంకా ఎక్కువ, 500 డిగ్రీలు దాటింది. అందువల్ల ఇక్కడి లావాలు పచ్చదనం పోగొట్టుకుని హార్న్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజం, ప్లాజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్‌తో నిండిన నల్లటి ఆంఫిబొలైట్‌గా మారాయి. కొత్తగా చేరిన కుర్రవాళ్లు పచ్చరాయి కోసం వెతికి నిరాశపడటం చూశాను.

పట్టీలో రెండు రకాల లావాలు ఉన్నాయి. ఒకటి మెగ్నీషియం మెండుగా ఉన్న కొమాటియైట్ తరహా రాయి, రెండోది ఇనుము మెండుగా ఉన్న థోలియైట్ బసాల్టు. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ ఆంఫిబొలైట్లే, కంటితో విడదీయడం కష్టం. అయినా ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు. ఎందుకో కింద చెబుతాను.

పట్టీకి పడమటి వైపు నైస్‌లలో పాతవి సుమారు 263 కోట్ల సంవత్సరాల నాటివి. తూర్పు వైపున ఉన్న కంభ నైస్ వయసు 253 కోట్ల సంవత్సరాలు. రెండు ఒడ్లకూ చరిత్ర వేరు. ఈ ఆధారంతోనే క్రోగ్‌స్టాడ్, బాలకృష్ణన్, ముఖోపాధ్యాయ, రాజమణి, హాన్సన్ 1989లో 'సైన్స్' పత్రికలో ఒక వాదన ముందుకు తెచ్చారు. వేర్వేరు చోట్ల పుట్టిన రెండు భూఖండాలు వచ్చి కలుసుకున్న అతుకే కోలారు పట్టీ అని దాని సారాంశం. 250 కోట్ల ఏళ్ల కిందటే భూఫలకాలు కదిలాయా అనే పెద్ద చర్చలో అది ముఖ్యమైన సాక్ష్యం. మా పనికి దాని అర్థం వేరు. అతుకు ఉన్నచోట రాయి లోతుగా నలిగి ఉంటుంది. నలిగిన చోట దారి దొరుకుతుంది. దారి దొరికితే కింది నుంచి వేడి ద్రవాలు పైకి వస్తాయి.

ఛాంపియన్ లోడు నేర్పేది

దక్షిణ కొసకు వెళ్లేముందు ఉత్తరాన ఉన్న కొలబద్దను చూడాలి. లోడు అంటే ఖనిజపు చార. కేజీఎఫ్‌లోని ప్రధాన చార ఛాంపియన్ లోడు. దాని గురించి తెలియకుండా, అలాంటి ఆంఫిబొలైట్‌లోనే ఉన్న బిసానత్తం కోర్ (డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీ) చదవడం అనవసర ప్రయాస.

జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ గనుల సంస్థ 1880లో కేజీఎఫ్‌లో అడుగుపెట్టింది. మొదటి కొన్నేళ్లు నష్టాలే. డబ్బు అడుగంటిన దశలో కేజీఎఫ్‌లోని మైసూరు గని బాధ్యుడు ప్లమ్మర్, పూర్వీకులు తవ్వి వదిలిన పాత గోతుల వెంట లోతుకు వెళ్లి అసలు లోడును పట్టుకున్నాడు. ఆ పైన జరిగింది తెలిసిందే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే నాటికి సుమారు 5 కోట్ల టన్నుల ఖనిజం నుంచి 800 టన్నులకు పైగా బంగారం వచ్చింది. భాగహారం చేస్తే టన్నుకు సగటున 15 గ్రాములకు పైమాటే. ఇవాళ ప్రపంచంలో టన్నుకు రెండు మూడు గ్రాములున్న గనులు కూడా లాభాలతో నడుస్తున్నాయి.

లోడు మందం మాత్రం చాలాచోట్ల మీటరు అటూ ఇటూగా ఉండేది. అంత సన్నటి చార వెంట మనుషులు 3,200 మీటర్ల లోతుకు వెళ్లారు. అక్కడి రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటేది. ఆంఫిబొలైట్ గట్టిది, పెళుసుది. చుట్టూ తవ్వేకొద్దీ ఒత్తిడిని లోపల దాచుకుని ఒక్కసారిగా పేలేది. రాక్‌బర్స్ట్ (రాతి పేలుడు) అనే మాట వింటే కేజీఎఫ్ కుటుంబాలు ఇప్పటికీ ఉలిక్కిపడతాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ 1988లో ఆ ఊళ్లోనే పుట్టడం యాదృచ్ఛికం కాదు. (ఆ లోతే భౌతిక శాస్త్రవేత్తలకు వరమైంది. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో పట్టుకున్న ప్రయోగాల్లో ఒకటి ఈ గనిలోనే జరిగింది.)

ఇంత బంగారం ఇచ్చిన పలుగురాయి ఎలా ఉండేదంటే, పాల తెలుపు కాదు. పొగరంగుకు, నీలి బూడిదరంగుకు మధ్య ఉండేది. పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా, ఆ పొరల మధ్య పక్కరాతి నుంచి ఊడిపడిన సన్నటి నల్లటి రేకులతో ఉండేది. ఆ పొరలు ఒక చరిత్రను చెబుతాయి. పగులు ఒక్కసారి తెరుచుకుని మూసుకుపోలేదు. లోపల ద్రవాల ఒత్తిడి పెరిగినప్పుడు రాయి చిట్లింది, ఒత్తిడి తగ్గగానే పలుగురాయి గడ్డకట్టి పగులు మూసుకుంది, మళ్లీ ఒత్తిడి పెరిగింది. ఇది లెక్కలేనన్నిసార్లు జరిగింది. ప్రతి విడతలోనూ కొంత బంగారం చేరింది. అందుకే పొరలున్న పలుగురాయిని నేను గౌరవిస్తాను. ఏ పొరా లేకుండా ముద్దగా, తెల్లగా ఉన్నది తరచుగా చివరి విడతలో వచ్చిన ఒట్టి రాయి. నమూనాలతో వచ్చేవాళ్లకు ఈ మాట నచ్చదు.

చార దాటి పక్కకు

అసలు సమాచారం చారకు అటూ ఇటూ ఉన్న రాతిలో ఉంది. ఛాంపియన్ తరహా లోడును అడ్డంగా కోసిన డ్రిల్ కోర్‌ను బయటి నుంచి లోపలికి చదివితే తరచుగా ఒక వరుస కనిపిస్తుంది. మొదట గట్టి ఆంఫిబొలైట్. హార్న్‌బ్లెండ్ సూదులు, మధ్యలో తెల్లటి ఫెల్డ్‌స్పార్ చుక్కలు, చెప్పుకోదగ్గ మార్పు ఏమీ లేదు. కొంచెం లోపలికి వస్తే సూదులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి, రాయి పలకలుగా విడుస్తుంది. ఆ తర్వాత నలుపులో గోధుమ రంగు కలుస్తుంది. అది బయోటైట్, అంటే నల్ల అభ్రకం. కత్తి మొనతో గీస్తే హార్న్‌బ్లెండ్ మొండికేస్తుంది, బయోటైట్ రేకులుగా లేస్తుంది. ఆంఫిబొలైట్‌లో మామూలుగా అంత పొటాషియం ఉండదు కాబట్టి అక్కడ బయోటైట్ కనిపించిందంటే బయటి నుంచి ఏదో వచ్చి చేరిందని అర్థం. ఇంకా లోపల లేత ఆకుపచ్చ డయోప్సైడ్, తెల్లటి కాల్సైట్ పొరలు, అక్కడక్కడా నల్లటి టూర్మలిన్ కడ్డీలు. ఆ పిమ్మట పలుగురాయి.

బయోటైట్ పొర మందం ఎంత ఉందో, అది ఎంత దూరం సాగిందో నా లాగ్‌బుక్‌లో తప్పనిసరిగా రాస్తాను. బంగారం చార మీటరు ఉంటే ఈ మార్పు పొర దానికన్నా వెడల్పుగా ఉంటుంది. మనం వెతుకుతున్న గురి పెద్దదవుతుంది. ఒక రంధ్రం చారను తప్పిపోయినా బయోటైట్ పొరను తాకితే, దగ్గరలో ఉన్నామని తెలుస్తుంది. పలుగురాయి కోసం మాత్రమే కోర్ పెట్టెలు తిరగేసేవాళ్లు ఈ సూచనను ప్రతిసారీ పోగొట్టుకుంటారు.

షీలైట్ సంగతి కూడా చెప్పాలి. ఇది కాల్షియం, టంగ్‌స్టన్ కలిసిన ఖనిజం. పగటి వెలుతురులో తెల్లగా, మట్టిగా, పలుగురాయిలో కలిసిపోయి ఉంటుంది. కోర్ షెడ్డులో తలుపులు మూసి అతినీలలోహిత దీపం వేస్తే నీలి తెలుపు కాంతితో మెరుస్తుంది. కోలారు లోడ్లలో బంగారానికి తోడుగా ఇది కనిపిస్తుంది. అయితే షీలైట్ ఉన్న ప్రతిచోటా బంగారం ఉంటుందని అనుకోకూడదు. బంగారాన్ని తెచ్చిన తరహా ద్రవాలే ఈ దారిలో కూడా నడిచాయని మాత్రం నమ్మకంగా చెప్పవచ్చు. నా దృష్టిలో ఆ దీపం అతి చవకైన అన్వేషణ పరికరం.

ఇనుము ఎందుకు కావాలి

భూమి పైపొరలో బంగారం సగటున టన్నుకు కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. గని కావాలంటే అది వెయ్యి రెట్లకు మించి ఒకచోట పోగవ్వాలి. మోసుకొచ్చే పని లోతు నుంచి వచ్చే వేడి నీటిది. అందులో బొగ్గుపులుసు వాయువు, కొంత గంధకం ఉంటాయి, ఉప్పు తక్కువ. బంగారం ఆ గంధకాన్ని పట్టుకుని కరిగి ప్రయాణిస్తుంది. గంధకం చెయ్యి వదిలితే బంగారం కరిగి ఉండలేదు. ఇనుము ఎక్కువ ఉన్న రాతిలోకి ఆ నీరు చేరగానే గంధకం ఇనుముతో కలిసి పైరైట్‌గానో పిరోటైట్‌గానో స్థిరపడుతుంది. తోడు పోయిన బంగారం పాలు విరిగినట్టు అక్కడికక్కడే విడిపోతుంది.

ఇందాక వదిలేసిన మాట ఇక్కడ అతుకుతుంది. కొమాటియైట్ తరహా రాతిలో మెగ్నీషియం వాటా ఎక్కువ. ఆ రాతిలో ఇనుము మెగ్నీషియంతో పాటు సిలికేట్ ఖనిజాలలో గట్టిగా బంధించబడి ఉంటుంది, గంధకానికి సులభంగా చిక్కదు. థోలియైట్‌లో ఇనుము, మెగ్నీషియంల నిష్పత్తి ఇనుము వైపు మొగ్గుతుంది కాబట్టి పని సులువు. ఛాంపియన్ లోడు థోలియైట్ ఆంఫిబొలైట్‌ను ఎంచుకోవడం వెనుక ఈ లెక్క ఉందని నా నమ్మకం. పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ గోల్డెన్ మైల్‌లో కూడా బంగారం అధికంగా ఉన్నది డోలరైట్‌లోని (లావా లాంటిదే, భూమి లోపల గడ్డకట్టిన నల్లరాయి) ఇనుము మెండైన పొరలోనే. అందుకే నల్లరాళ్లన్నింటినీ 'ఆంఫిబొలైట్' అని ఒక్క మాటతో లాగ్ చేసే అలవాటు నాకు సరిపడదు. చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రం ఇప్పుడు అన్వేషణ బృందాలకు అందుబాటులో ఉంది. క్రోమియం, నికెల్ చూస్తే కొమాటియైట్, థోలియైట్ విడిపోతాయి. బంగారాన్ని ఆ యంత్రం నమ్మదగినట్టు చూపలేదు కానీ, దాని ఇల్లు ఏదో చూపగలదు.

మల్లప్పకొండ

ఇనుమే కారణమైతే ఇనుపరాయిలో బంగారం ఇంకా ఎక్కువ ఉండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు మల్లప్పకొండ.

కొండను నిలబెట్టింది చారల ఇనుపరాయి. మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) పొర, పలుగురాయి పొర, మళ్లీ మాగ్నటైట్, ఇలా వేళ్ల మందంతో మారుతూ పోతుంది. చుట్టూ ఉన్న మెత్తటి రాళ్లు కొట్టుకుపోగా ఇది నిలబడింది. దిక్సూచి ఇక్కడ పనికిరాదు, ముల్లు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. పొరల దిశ కొలిచేటప్పుడు సూర్యుడినో దూరపు గుర్తునో నమ్ముకోవడం మేలు.

ఇక్కడ బంగారం పలుగురాయి చారలో కళ్లకు కనపడేలా ఉండదు. సల్ఫైడ్‌తో, అంటే లోహం, గంధకం కలిసిన ఖనిజంతో, కలిసి ఉంటుంది. వేడి ద్రవంలోని గంధకం మాగ్నటైట్‌ను తిని పిరోటైట్‌గా మార్చిన చోటే ఆశ. తాజా కోర్‌లో పిరోటైట్ కంచు రంగులో ఉండి అయస్కాంతానికి అంటుకుంటుంది. మాగ్నటైట్ కూడా అంటుకుంటుంది కాబట్టి అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మకూడదు, రంగు, మెరుపు చూడాలి. ఆర్సెనిక్ కూడా ఉన్న సల్ఫైడ్ ఆర్సెనోపైరైట్ వెండి తెలుపుతో ఉంటుంది. సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన వస్తుంది. ఆ వాసన ఆర్సెనిక్‌ది కనుక ముక్కు దగ్గర పెట్టుకుని పదే పదే పీల్చడం తెలివైన పని కాదు.

కేజీఎఫ్‌లోనూ ఛాంపియన్ లోడుకు పడమట మెక్‌టాగర్ట్ లోడ్లు ఈ సల్ఫైడ్ కోవకు చెందినవే. వీటి పుట్టుక మీద పాత తగాదా ఒకటి ఉంది. సముద్రం అడుగున వేడి ఊటలు ఉన్న కాలంలోనే ఇనుముతో పాటు బంగారం కూడా పేరుకుందని ఒక పక్షం అంటుంది. పట్టీ నలిగిన తర్వాత బయటి నుంచి వచ్చి ఇనుపరాయిలో చిక్కుకుందని రెండో పక్షం. నేను రెండో వైపు మొగ్గుతాను. ఇనుపరాయి పొర పట్టీలో చాలా దూరం సాగుతుంది, బంగారం మాత్రం ముడతలు, నలుగుళ్లు ఉన్న చోట ముద్దలుగా ఉంటుంది. పొరతో పాటే పుట్టి ఉంటే పొర పొడవునా కొంచెమైనా ఉండాలి. ఇది తుది తీర్పు కాదు. పొరలో ముందే కొంత ఉండి, తర్వాత కదిలి పోగయిందనే మధ్యేమార్గానికి కూడా బలం ఉంది.

ఆచరణలో దీని పర్యవసానం సూటిగా ఉంటుంది. ఇనుపరాయిలో పొర వెంట కాకుండా ముడత అక్షం వెంట డ్రిల్ చెయ్యాలి. మొదటి పక్షాన్ని నమ్మితే రంధ్రాలు పొర పొడవునా సమదూరంలో పెడతారు. రెండో పక్షాన్ని నమ్మితే మడత తిరిగిన చోట గుంపుగా పెడతారు. సిద్ధాంతం ఖర్చును నిర్ణయిస్తుంది.

చిగురుగుంట

పట్టీ తూర్పు అంచున ఛాంపియన్ నైస్ అనే రాయి ఉంది. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌తో లేత రంగులో ఉంటుంది, అందులో నీలిఛాయ ఉన్న పలుగురాయి గుడ్లు కనిపిస్తాయి. ఇప్పటిదాకా చెప్పిన లెక్క ప్రకారం ఇనుము తక్కువ ఉన్న ఈ రాతిలో బంగారం ఉండకూడదు. కానీ చిగురుగుంటలో లోడ్లు ఈ నైస్‌లోనూ, దానిలో చిక్కుకున్న ఆంఫిబొలైట్ పట్టీలలోనూ ఉన్నాయి.

కాబట్టి రసాయనం ఒక్కటే చాలదు. లేతరాయి గట్టిగా, పెళుసుగా ఉండి చిట్లుతుంది. పక్కనున్న ఆంఫిబొలైట్ షిస్టు నలిగి జారుతుంది. ఒత్తిడి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకేలా ప్రవర్తించరు. ఆ తేడా పడిన సరిహద్దులోనే పగుళ్లు తెరుచుకుంటాయి, ద్రవాలు అక్కడికే చేరతాయి. ఇక్కడ నేను వెతికేది రెండు రాళ్ల కలయికను. నైస్ నడుమ నల్లటి బయోటైట్ షిస్టు పట్టీ కనిపిస్తే ఆగాలి. నలిగిన ఆంఫిబొలైట్ పొటాషియం తాగి బయోటైట్‌గా మారిన రూపం కావచ్చు అది. దానిలో పిరోటైట్ చెమ్కీలా చల్లినట్టు ఉంటే నమూనాను పలుగురాయి వరకే కాకుండా ఆ పట్టీ అంతా కొయ్యాలి. పలుగురాయి చార లేదన్న కారణంతో అక్కడ నమూనా ఆపేస్తే ఖనిజంలో ఒక భాగాన్ని పెట్టెలోనే వదిలేసినట్టు.

ఒక చికాకు కూడా ఉంది. వాతావరణానికి లోనైన పైభాగంలో బయోటైట్ బంగారు రంగు తిరుగుతుంది. ఎండలో తళతళ మెరిసి ఆశలు రేపుతుంది. సూదితో గుచ్చండి. బంగారం మెత్తగా దిగబడుతుంది, పైరైట్ పొడిగా చిట్లుతుంది, అభ్రకం రేకుగా లేస్తుంది. ఈ పరీక్షకు సూది తప్ప ఏదీ కొనక్కర్లేదు.

పొరుగు పట్టీలతో పోలిక

దక్షిణ కొసలో నేర్చినది మరో పట్టీకి యథాతథంగా తీసుకెళ్లకూడదు. అనంతపురం వైపు రామగిరి పట్టీ తక్కువ వేడిలో రూపాంతరం చెందింది. అక్కడి అగ్నిపర్వత శిలల వయసు సుమారు 270 కోట్ల సంవత్సరాలు, కానీ ఖనిజాలు కోలారువి కావు. అక్కడ డయోప్సైడ్ కోసం వెతకడం దండగ. క్లోరైట్, సెరిసైట్ అనే సన్నటి తెల్ల అభ్రకం, ఇనుము కలిసిన కార్బొనేట్ చూడాలి. ఆ కార్బొనేట్ ఎండకు గోధుమ రంగు తిరిగి రాతి మీద తుప్పు మచ్చల్లా కనపడుతుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ వెంటనే పొంగుతుంది. ఇనుపజాతి కార్బొనేట్ పొడి చేసినా మందకొడిగానే పొంగుతుంది. రామగిరిలో ఆమ్లం సీసా, కోలారులో అతినీలలోహిత దీపం. ఒక చోటి పరికరం ఇంకో చోట రెండో స్థానానికి పోతుంది.

కర్ణాటక రాయచూరు జిల్లా హట్టిలో మళ్లీ ఆంఫిబొలైట్, మళ్లీ బయోటైట్ పొర, తోడు ఆర్సెనోపైరైట్. అక్కడ ప్రాచీనులు 640 అడుగుల లోతు దాకా తవ్వారు. ఆ గోతుల్లో దొరికిన కర్రకు కార్బన్ పరీక్షలో సుమారు రెండు వేల ఏళ్ల వయసు వచ్చింది. లాగ్‌బుక్కు, ఆమ్లం, దీపం ఏవీ లేకుండా వాళ్లు ఖనిజం ఉన్న చోటే ఎలా దిగారో ఆలోచిస్తే మా వృత్తిగర్వం కొంత తగ్గుతుంది. కొత్త పట్టీలోకి వెళ్లినప్పుడు నేను మొదట గుర్తించేది పాత గోతుల్నీ, నూరుడు రాళ్లనే.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిది ఇంకో దారి. చిన్న పట్టీ. అక్కడ బంగారం ప్రధానంగా నలిగిన గ్రానోడయోరైట్‌లో (గ్రానైట్ జాతి రాయి) ఉంది. చిగురుగుంట మాదిరిగా ఇది కూడా 'నల్లరాయే కావాలి' అనే నియమాన్ని సడలిస్తుంది. లేతరంగు రాయి నలిగి, ఫెల్డ్‌స్పార్ సెరిసైట్‌గా మారి, పైరైట్ చుక్కలు పడిన చోట నమూనా తియ్యాలి. దగ్గరలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు ఉన్న బండలున్నాయి. వాటిని 1920ల చివర తొలిసారి గుర్తించినవాడు ఒక భూవిజ్ఞాని. మా వృత్తిలో అలాంటి పక్కచూపులు మంచివే.

సంఖ్యను నమ్మేముందు

రాయి, ఖనిజం సరిగ్గా చదివినా చివరికి అందరూ అడిగేది టన్నుకు ఎన్ని గ్రాములు అనే. ఇక్కడ ఆతిథ్య శిల మళ్లీ ముందుకొస్తుంది. ఛాంపియన్ తరహా పలుగురాయిలో బంగారం విడిగా, కొన్నిచోట్ల కంటికి ఆనే గింజలుగా ఉంటుంది. ప్రయోగశాలలో అగ్నిపరీక్షకు (పొడిని కొలిమిలో కరిగించి బంగారాన్ని తూచే పరీక్ష) తీసుకునేది 30 లేదా 50 గ్రాముల పొడి. ఆ పొడిలో ఒక గింజ పడితే ఫలితం ఆకాశంలో, పడకపోతే పాతాళంలో. నిలువునా కోసిన ఒకే కోర్ రెండు సగాల నుంచి తీసినా ఫలితాలు పొంతన లేకుండా వస్తాయి. ఇది ప్రయోగశాల తప్పు కాదు, బంగారం గుణం. అలాంటి చోట కిలో పొడిని జల్లెడ పట్టి, జల్లెడ మీద మిగిలినదంతా ఒకసారీ, కిందికి దిగినది విడిగా ఒకసారీ పరీక్షించే పద్ధతి మంచిది. ఖర్చు పెరుగుతుంది, తలనొప్పి తగ్గుతుంది.

సల్ఫైడ్ లోడులో బంగారం సన్నగా, ఖనిజం అంతటా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఫలితాలు కొంత నిలకడగా వస్తాయి. ఆ నిలకడ చూసి మురిసిపోకూడదు. ఆర్సెనోపైరైట్ గింజలో ఇమిడిపోయిన బంగారాన్ని, మిల్లులో బంగారాన్ని కరిగించి వేరుచేసే సైనైడ్ తాకలేదు. పరీక్షలో టన్నుకు నాలుగు గ్రాములు చూపినా మిల్లులో అంతా చేతికి రాకపోవచ్చు. అందువల్ల మల్లప్పకొండ తరహా ఖనిజంలో మొదటి మంచి కోర్ దొరికిన రోజే అందులో కొంత ఖనిజశుద్ధి పరీక్షకు పక్కన పెట్టాలి. వనరు లెక్క అంతా కట్టాక ఆ పని మొదలుపెట్టే అలవాటు చాలా ప్రాజెక్టుల్లో ఉంది. అప్పటికి డబ్బు డ్రిల్లింగుకే పోయి ఉంటుంది.

కోర్ మీద సాధారణంగా వదిలేసే ఇంకో చిన్న సంగతి, లోడును అడ్డంగా కోసే పెగ్మటైట్లు (పెద్ద పలుకుల గ్రానైట్ జాతి రాయి), డోలరైట్ డైకులు (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన రాతి గోడలు). కోలారులో ఇవి బంగారం వచ్చిన తర్వాత చొచ్చుకొచ్చాయి. రంధ్రం డైకులో పడితే లోడు కనిపించదు, ఫలితం సున్నా. ఆ సున్నాను 'లోడు అయిపోయింది' అని నమోదు చేస్తే పక్కనే ఉన్న ఖనిజం కాగితం మీద మాయమవుతుంది. డోలరైట్‌ను ఆంఫిబొలైట్ నుంచి విడదీయడం కష్టమేమీ కాదు. డోలరైట్ నలగలేదు, దానికి పలకలు లేవు, సన్నటి ఫెల్డ్‌స్పార్ కడ్డీలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. లాగ్‌లో ఆ ఒక్క మాట రాస్తే తర్వాత లోడు మోడల్ తయారుచేసేవారు ఆ సున్నాను పక్కన పెడతారు.

కేజీఎఫ్‌లో సైనైడ్ దిబ్బలు అని పిలిచే బూడిదరంగు గుట్టలు ఊరి మధ్య ఇంకా ఉన్నాయి. అందులో 3 కోట్ల టన్నులకు పైగా నూరిన రాయి ఉంది. టన్నుకు గ్రాము లోపు బంగారం ఉన్నా ఆ పరిమాణంలో అది చిన్నది కాదు, తవ్వకం ఖర్చు, నూరుడు ఖర్చు ఇప్పటికే పెట్టేశారు కూడా. దిబ్బల లెక్కలు వేసేవారికి నా సూచన ఒకటి: దిబ్బను ఒకే ముద్దగా చూడకండి. ఏ దిబ్బలోకి పలుగురాయి లోడు ఖనిజం పోయింది, ఏ దిబ్బలోకి సల్ఫైడ్ లోడు ఖనిజం పోయింది అన్నది మొదట విడదీయండి. మొదటి రకంలో మిగిలింది ఆనాటి మిల్లు వదిలేసిన విడి బంగారం, అది తిరిగి సైనైడ్‌కు లొంగే అవకాశం ఎక్కువ. రెండో రకంలో మిగిలింది సల్ఫైడ్ గింజ లోపలిది. పైగా ఆ సల్ఫైడ్ వానకు, గాలికి ఆక్సీకరణ చెంది ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆర్సెనిక్‌ను నీటిలోకి వదులుతుంది. వాటి శుద్ధి పద్ధతి వేరు, నీటి నిర్వహణ వేరు, ఖర్చు వేరు. నమూనా రంధ్రాలు ఆ విభజన ప్రకారం వేసి, ప్రతి మీటరుకు బంగారంతో పాటు గంధకం, ఆర్సెనిక్ కూడా కొలవాలి.